నీలం గీతకు వేలెడు కింద

మార్చి 3, సోమవారం

నా మాట నెగ్గింది! పదకొండేళ్ళుగా ఆటల పార్కులో పాస్ కౌంటర్ వెనకాల కూర్చున్నదాన్ని, ఇవాళ మీటింగులో మేనేజర్ మేడమ్ నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. కొట్టినవాళ్ళలో సగం మందికి ఎందుకు కొడుతున్నారో తెలియదు. అయినా చప్పట్లు చప్పట్లే.

సలహాల పెట్టెలో నేను వేసిన కాగితం పని చేసింది. ఏడాది పాస్ గడువు అయిపోగానే కార్డు కత్తిరించి చెత్తబుట్టలో పడేయడం, జనాన్ని మళ్ళీ వరసలో నిలబెట్టడం, మళ్ళీ ఫారం, మళ్ళీ ఫొటో, మళ్ళీ కొత్త కార్డు. ఎందుకీ తంటా? కార్డు ఒకటే ఉంచండి, ఏటేటా అదే వాడుకోనివ్వండి, ఇంట్లో కూర్చుని ఫోన్లో ఒక్క నొక్కుతో గడువు పెంచుకోనివ్వండి, వివరాలన్నీ పాతవే వచ్చేస్తాయి అని రాశాను. పిల్లల ఎత్తు సంగతేంటని ఎవరో అడిగారు.

"ఎదిగిన పిల్లలు తగ్గరు కదండీ! నూట ఇరవై సెంటీమీటర్లు దాటి ఒకసారి పెద్ద రైడ్ల నీలం పాస్ తీసుకున్నారంటే ఇక ఎప్పటికీ నీలమే. పసుపు పాస్ పిల్లలు మాత్రం ఎదిగాక ఒకసారి కౌంటర్‌కి వస్తే సరి" అన్నాను.

అందరూ నవ్వారు. మేడమ్ ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. నేను చూశాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, నోట్లో గుండుసూదులు పెట్టుకుని "ఊఁ" అన్నాడు. దర్జీని చేసుకుంటే ఇంతే, మెచ్చుకోవాలన్నా ముందు సూదులు బయటికి తీయాలి. తీశాక "మంచి పని చేశావ్" అన్నాడు. అది చాలు.

మార్చి 5, బుధవారం

నోటీసు బోర్డులో నా ఫొటో పెట్టారు. ఒక కన్ను మూసుకుని ఉన్నాను. వేలమందికి ఫొటోలు తీశాను, ఒక్కరికీ కన్ను మూయనివ్వలేదు. నాకు తీసినవాడికి ఆ మాత్రం ఓపిక లేకపోయింది.

తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి చేతిలోంచి పిట్ట లాక్కుంది. పిట్ట అంటే తమ్ముడి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళు, గుప్పెడంత మనిషి, గంపెడు మాటలు.

"అత్తా, నీ ఫొటో గోడ మీద పెట్టారంట కదా! నేనొచ్చి చూస్తా. సుడిగాలి రైడ్ కూడా ఎక్కుతా. పోయినసారి బెత్తం తాత ఎక్కనివ్వలేదు. నా దగ్గర నీలం పాస్ ఉందన్నా వినలేదు. ఆ తాతకి కళ్ళు కనబడవు కదా?"

"అవునమ్మా, పెద్దాయన కదా" అన్నాను.

మార్చి 7, శుక్రవారం

యంత్రాల వాళ్ళు వచ్చారు. సుడిగాలి దగ్గర కొత్త గేటు బిగిస్తున్నారు. కార్డు ఆనిస్తే చాలు. నీలమైతే పచ్చ లైటు వెలిగి తెరుచుకుంటుంది, పసుపైతే ఎర్ర లైటు.

"మరి అక్కడ కొలిచే పెద్దాయన?" అని మేడమ్‌ని అడిగాను.

"ఆయన్ని పార్కింగ్‌కి పంపిస్తున్నాం. ఎత్తు కార్డే చెబుతుంది కదా. మీ మాటేగా, ఎదిగిన పిల్లలు తగ్గరని!" అని భుజం తట్టింది.

మంచిదే. ఆ బెత్తం తాత అంటే పిల్లలకి హడల్. పీడ విరగడైంది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎండ వల్ల కావచ్చు.

మార్చి 8, శనివారం

ఒక పది మంది ఉంటారేమో. అంతకన్నా ఉండరు.

మార్చి 10, సోమవారం

ఇక్కడ రాసుకుంటే ఎవరు చూడొచ్చారు.

నా కౌంటర్ పక్కన గోడకి కొలత పలక ఉంది. నూట ఇరవై దగ్గర నీలం గీత. పిల్లలు చెప్పులు విప్పి, వీపు ఆనించి నిలబడతారు. మెడలు సాగదీస్తారు, ఊపిరి బిగబడతారు, మడమలు వాటంతటవే లేస్తాయి. నేను తల మీద అట్ట ఆనించి చూస్తాను. గీతకి వేలెడు తక్కువ వచ్చిందనుకో, ఆ మొహం నా కళ్ళ ముందే ముడుచుకుపోతుంది. వెనకాల తల్లి మొహం కూడా. ఆ రెండు మొహాలూ నేను చూడలేను. "అబ్బో, తాటిచెట్టులా ఎదిగిపోయావే!" అని నీలం పాస్ చేతిలో పెట్టేస్తాను. అప్పుడు వాడి నవ్వు చూడాలి! నన్ను పార్కంతా పాసమ్మ అని పిలుస్తారంటే ఊరికే పిలుస్తారా?

ఇచ్చేది ఏడాదికి. ఏడాదిలో వేలెడు ఎదగరా? పైగా రైడ్ దగ్గర ఎలాగూ మళ్ళీ కొలిచేవాళ్ళు. నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు, పదకొండేళ్ళలో ఒక్కరికి కూడా.

మా ఆయన పిల్లల గౌన్లకి అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి కుడతాడు, పెరుగుతారు కదా అని. నేను చేసిందీ అదే.

గుర్తొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేను మంది.

మార్చి 11, మంగళవారం

ఇరవై రెండు. కవలల్ని మర్చిపోయాను.

మార్చి 12, బుధవారం

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు కంప్యూటర్లో ఈ రెండేళ్ళ పిల్లల వివరాలు తెరిచాను. ఫొటోల్లో మొహాలే కదా ఉండేది, ఎత్తు ఎక్కడ కనిపిస్తుంది? కానీ అంకెలు ఉన్నాయి. నిజంగా గీత దాటినవాళ్ళకి 123, 127, 131 అని ఉంది. దాటనివాళ్ళకి నేనేం రాశానో నాకు తెలుసు. 120.

పక్క కౌంటర్ వాళ్ళు రాసిన 120లు పంతొమ్మిది.

నావి మూడు వందల ఆరు.

అన్నీ అవి కావు. నిజంగా సరిగ్గా నూట ఇరవై ఉండే పిల్లలు కూడా ఉంటారు కదా. ఉంటారు. కాకపోతే వాళ్ళందరూ ఏరికోరి నా కౌంటర్‌కే వచ్చారా?

కిందటేడు ఇచ్చినవాళ్ళు ఈపాటికి ఎదిగే ఉంటారు. అంతకు ముందు ఏడాది వాళ్ళయితే అసలు సమస్యే లేదు. ఈ ఆరు నెలల్లో ఇచ్చినవాళ్ళే. వాళ్ళెంతమందని? కొద్దిమంది.

భోజనాలవాళ్ళు తిరిగొచ్చేలోగా తెర మూసేశాను.

మార్చి 14, శుక్రవారం

కాళ్ళు వాటంతటవే సుడిగాలి వైపు తీసుకెళ్ళాయి. బెత్తం తాత మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఒళ్ళో కర్ర. నూట ఇరవై దగ్గర ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. పిల్లలు దాన్ని బెత్తం అంటారు కానీ ఆయన చెయ్యెత్తగా ఎవరూ చూడలేదు.

"పార్కింగ్‌కి మారుస్తున్నారంట కదా బాబాయ్. ఇక హాయిగా నీడపట్టున ఉండొచ్చు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"అక్కడ నీడెక్కడుందమ్మా?" అన్నాడు.

నిజమే, లేదు. పక్క మెట్టు మీద కూర్చుని అడిగాను. "నీలం పాస్ ఉన్నా మీరు వెనక్కి పంపినవాళ్ళు రోజుకి ఎంతమంది ఉంటారు?"

"నీవాళ్ళా?" అన్నాడు.

తలూపాను.

"మామూలు రోజున ఇద్దరు ముగ్గురు. సెలవుల్లో ఆరేడుగురు. పక్క కౌంటర్ పాసులైతే అట్లా రావు."

"ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నారా? ఒక్క మాటైనా అనలేదే!"

"అనేదేముంది? నువ్వు నవ్విస్తావు, నేను ఏడిపిస్తాను. ఇద్దరం కలిసి చేస్తున్న పనే అనుకున్నా. నేనున్నానన్న ధైర్యంతోనే కదా నువ్వు ఇచ్చేది?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. పదకొండేళ్ళు పిల్లలు ఆయన్ని చూసి జడుసుకుంటుంటే, తల్లులు ఆయన్ని నానా మాటలూ అంటుంటే, ఆ తిట్లలో సగం నావి అని తెలిసీ పడ్డాడు. నేనేమో పాసమ్మనని మురిసిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత లేచి నన్ను సీటు దగ్గరికి తీసుకెళ్ళి కడ్డీ కిందికి లాగి చూపించాడు. "చూడు. ఇది ఇంతకన్నా కిందికి దిగదు. నూట ఇరవై ఉన్న పిల్లకి ఒడి మీద బిగుస్తుంది. పొట్టి పిల్లకి ఇక్కడ సందు మిగిలిపోతుంది. సుడిగాలి మూడుసార్లు తలకిందులవుతుంది. మరి పట్టుకునేదేముంది?"

"మేడమ్‌కి చెబుతాను" అన్నాను.

"చెప్పు. నేను చెబితే ఈ చోటు వదల్లేక చెబుతున్నాడంటారు. నువ్వు చెబితే వింటారు, నీ ఫొటో గోడ మీద ఉంది."

రేపే చెబుతాను.

మార్చి 15, శనివారం

చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

విపరీతమైన రద్దీ. మేడమ్ కనిపించలేదు.

కనిపించింది. రెండుసార్లు.

మార్చి 18, మంగళవారం

ఎవరికీ చెప్పకుండా చక్కబెట్టుకోవచ్చు కదా అనిపించింది. 120 ఉన్నవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "కొత్త కార్డుకి ఫొటో సరిగా రాలేదు, పిల్లని ఒకసారి తీసుకురండి" అని పిలిచాను. వస్తే మాటల్లో పెట్టి పలక దగ్గర నిలబెడదామని. నిన్న పధ్నాలుగు మందికి చేశాను, ఇవాళ తొమ్మిది మందికి. వచ్చింది నలుగురు. నలుగుర్లో ముగ్గురు గీత కిందే ఉన్నారు. ఒక పిల్లాడు కిందటేడు నేను ఇచ్చినవాడు. ఏడాదిలో ఎదుగుతారు అనుకున్నాను కదా, వాడు ఎదిగినా గీత చేరలేదు.

మిగిలినవాళ్ళలో ఒకావిడ ఫిర్యాదు పెట్టింది. కౌంటర్‌కి రానక్కర్లేదని మీరే ఊదరగొట్టి మళ్ళీ రమ్మంటారేంటి, ఆటలుగా ఉందా అని.

మేడమ్ పిలిపించింది. "ఎందుకు పిలుస్తున్నారు వాళ్ళని?"

అప్పుడు చెప్పాల్సింది. నోటి చివరిదాకా వచ్చింది. మేడమ్ బల్ల మీద కొత్త కార్డుల డబ్బా ఉంది. పై కార్డు మీద 'ఏడాది పాస్' అని, కింద 'ఒక్కసారి తీసుకోండి, ఎప్పటికీ వాడుకోండి' అని రాసుంది. ఆ రెండో మాట కూడా నాదే.

"ఫొటోలు బాగుండాలని మేడమ్" అన్నాను.

"మీరు పెట్టిన పద్ధతిని మీరే పాడు చేసుకుంటారా? ఇక ఎవరికీ చెయ్యొద్దు" అంది. కోపంగా కూడా అనలేదు, నా మీద అంత నమ్మకం.

మార్చి 19, బుధవారం

మా ఆయనకి చెప్పేశాను, అంతా కాదు, కొంచెం. "మీరు మడిచి కుట్టినట్టే అనుకోండి" అన్నాను.

ఆయన మిషన్ ఆపాడు. "నేను గుడ్డ లోపలికి మడుస్తాను. పిల్ల పెరిగాక విప్పుతాను. పెరగకముందే విప్పేసి, ఇదిగో పెరిగింది అని చెప్పను" అన్నాడు.

సూది కిందనుంచి గుడ్డ తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఆయనే, "చెప్పెయ్యి. ఉద్యోగం పోతే పోతుంది, ఇక్కడ కాజాలు కుట్టుకుందువుగాని" అన్నాడు. నా కాజాలు ఎలా ఉంటాయో ఆయనకి తెలుసు. పాపం, ధైర్యం చెప్పడానికి అన్నాడు.

మార్చి 20, గురువారం

ఈ ఆదివారం కొత్త గేటుకి ముందస్తు పరీక్ష. ఉద్యోగుల ఇళ్ళవాళ్ళకి మాత్రమే. ఇంటింటికీ పిలుపు వెళ్ళింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు. పిట్ట ఇప్పటినుంచే రోజులు లెక్కపెడుతోందట.

మార్చి 21, శుక్రవారం

తమ్ముడికి ఫోన్ చేసి ఆదివారం రద్దయిందని చెప్పాను. యంత్రం పాడైందన్నాను. వెనకాల పిట్ట గొంతు వినిపించింది. ఫోన్ పెట్టేశాను.

మార్చి 22, శనివారం

సోమవారం చెబుతాను. రేపు వచ్చేది ఉద్యోగుల ఇళ్ళవాళ్ళే. వాళ్ళ పిల్లలు నాకు తెలుసు, అందరూ బారుగా ఉన్నవాళ్ళే. రేపటికి ఏ భయమూ లేదు. సోమవారం పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసి చెబుతాను.

పిట్ట సంగతి ఇక్కడ రాయలేదు ఇంతవరకూ. 120ల్లో అది లేదు. అందుకని లెక్కలోకి రాలేదు, అంతే. దానికి 122 అని రాశాను, అనుమానం రాకుండా. పోయినేడు పాస్ ఇచ్చిన రోజు తమ్ముడు నా చేతులు పట్టుకున్నాడు. "అక్కా, బళ్ళో అందరూ దాన్ని పొట్టి పొట్టి అని ఏడిపిస్తున్నారు. ఆ నీలం కార్డు మెళ్ళో వేసుకుని వెళితే నోళ్ళు మూతబడతాయి. రైడ్ ఎక్కకపోయినా పర్లేదు" అన్నాడు.

అప్పుడు దాని ఎత్తు నూట పన్నెండు. వేలెడు కాదు. నా జానలో సగం ఉంటుంది.

మార్చి 23, ఆదివారం

ఇవాళ రాయలేను.

మార్చి 24, సోమవారం

రాయాలి.

నిన్న పదకొండు గంటలకి కౌంటర్లో ఒక్కదాన్నే ఈగలు తోలుకుంటున్నాను. ఇక ఎవరూ రానక్కర్లేదు కదా నా దగ్గరికి. బయట జనం తిన్నగా గేట్లలోంచి వెళ్ళిపోతున్నారు. మేడమ్ అటూ ఇటూ తిరుగుతూ చెయ్యూపుతోంది. ఫోన్ మోగితే తీసి చూశాను. తమ్ముడు ఫొటో పంపాడు. పచ్చ లైటు కింద పిట్ట, రెండు చేతులూ పైకెత్తి. కింద రాశాడు: 'పార్కు నుంచి మెసేజ్ వచ్చింది అక్కా, రద్దేం కాలేదట! ఒక్క నొక్కుతో కార్డు గడువు పెరిగిపోయింది. నీకు చెప్పకుండా వచ్చాం. చూడు, నీ గేటు తెరుచుకుంది!'

ఎలా పరుగెత్తానో నాకు తెలీదు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. వాళ్ళు నా కౌంటర్ ముందు నుంచి వచ్చి ఉంటే ఆపేదాన్ని. రానక్కర్లేకుండా చేసింది నేనే.

సుడిగాలి దగ్గరికి వెళ్ళేసరికి గంట మోగింది. సీట్లు నేల మీంచి లేచాయి. మూడో వరసలో పిట్ట. అందరి ఒళ్ళోనూ కడ్డీ ఆనుకుని ఉంది, దానికి మాత్రం కడ్డీ ఎక్కడో, ఒళ్ళు ఎక్కడో. నన్ను చూసి "అత్తా!" అని ఒక చెయ్యి వదిలి ఊపింది.

స్తంభానికి ఉన్న ఎర్ర బటన్ని రెండు చేతులతో గుద్దాను. పెద్ద చప్పుడుతో ఆగింది, అలాగే మెల్లగా కిందికి దిగింది. సీటు దగ్గరికి వెళ్ళి పిట్టని ఎత్తుకున్నాను. కడ్డీ తీయనే లేదు. దాని కిందనుంచి జారి నా చేతుల్లోకి వచ్చేసింది. పక్క సీటావిడ అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. "పిచ్చి పట్టిందా అక్కా నీకు? అందరి ముందూ ఏంటిది?" పిట్ట బిక్కచచ్చిపోయి చూస్తోంది. మేడమ్, యంత్రాల వాళ్ళు, ఉద్యోగుల ఇళ్ళవాళ్ళు అందరూ చుట్టూ మూగారు.

"ఏమైంది? గేటు తప్పు చదివిందా?" అంది మేడమ్.

అవునని తలూపితే అయిపోయేది. నిజంగా అయిపోయేది.

"గేటు తప్పేం లేదు మేడమ్. నేను రాసిందే చదివింది. ఈ పిల్లకి నూట ఇరవై రెండు అని రాసింది నేను. ఆ రోజు దీని ఎత్తు నూట పన్నెండు."

ఎవరో పార్కింగ్ నుంచి బెత్తం తాతని తీసుకొచ్చారు. పిట్ట ఆయన్ని చూసి వెనక్కి తగ్గింది. "ఈ తాతకి కళ్ళు కనబడవంట, అత్త చెప్పింది" అంది అందరూ వినేటట్టు. ఆయన నా వైపు చూడలేదు. వంగి, దాని మడమలు నేలకి ఆనేదాకా ఆగి, కొలిచి, "నూట పదిహేను" అన్నాడు.

పిట్ట అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. తమ్ముడు దాన్ని ఎత్తుకుని నా పక్క నుంచే వెళ్ళిపోయాడు.

మార్చి 25, మంగళవారం

మేడమ్ గది. తలుపు ఆవిడే వేసింది. ముందు కాగితం పెట్టింది.

"చూడండి, మీ మేనకోడలి మీద ప్రేమతో ఒక పొరపాటు చేశారు. ఎవరైనా చేస్తారు. ఈ ఒక్కదాని గురించి రాసివ్వండి. ఆ కార్డు మారుస్తాం, ఒకటో తారీఖున అనుకున్నట్టే కొత్త గేటు మొదలుపెడతాం. మీ పేరు కూడా బయటికి రాదు."

ఎంత చల్లగా చెప్పింది! ఆ క్షణంలో ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. కలం తీసుకున్నాను కూడా. మూడో వరస సీటు కళ్ళ ముందు తిరిగింది. కానీ అందులో ఈసారి పిట్ట లేదు, మొహం గుర్తు రాని పిల్ల ఎవరో ఉంది. ఆ పిల్లకి పరుగెత్తుకొచ్చే అత్త ఎక్కడుంటుంది?

"ఒక్కటి కాదు మేడమ్" అన్నాను.

"ఎన్ని?"

"తెలీదు."

"పదా? యాభయ్యా?"

"లెక్కపెట్టాలని చాలా చూశాను మేడమ్. 120లు మూడు వందల ఆరు ఉన్నాయి. అన్నీ తప్పు కాదు. అలాగని 120 కానివన్నీ ఒప్పూ కాదు. మళ్ళీ అందరినీ నిలబెట్టి కొలిస్తే తప్ప ఎవరికీ తెలీదు, నాకు కూడా."

మేడమ్ నా చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టింది. తర్వాత "మీ మాట నేను పెద్దవాళ్ళ దగ్గర ఎన్నిసార్లు చెప్పానో తెలుసా?" అంది. నేను ఆవిడ నమ్మకాన్ని కూడా వమ్ము చేశానని అప్పుడు తెలిసింది.

నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టాను.

మార్చి 27, గురువారం

కౌంటర్ తాళాలు ఇచ్చేశాను. బోర్డులోంచి ఫొటో తీశారు. అందులో బాగా రాలేదు కాబట్టి పెద్ద నష్టమేం లేదు.

అన్నాను గానీ, ఖాళీ చోటు చూసి ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 3, గురువారం

ఉద్యోగం ఉంచారు. చంటిపిల్లల తోపుడు బళ్ళు అద్దెకిచ్చే చోట వేశారు. అక్కడ ఎత్తుతో పని లేదు, అందరూ పడుకునే ఉంటారు.

కార్డు మాత్రం ఉంచారు. గడువు ఫోన్లోనే పెంచుకోవచ్చు, కార్డు పారేయక్కర్లేదు. కానీ పిల్లల కార్డుల మీద రంగు తీసేశారు. ఎత్తు రైడ్ దగ్గర, ఎక్కే ముందు, ప్రతిసారీ కొలుస్తారు. తాతని వెనక్కి తెచ్చి ఇంకో ఇద్దరికి ఆయన చేత పని నేర్పిస్తున్నారు.

ఇప్పటిదాకా నా 120ల్లో రెండు వందల మందిని కొలిచారట. నూట నలభై మూడు మంది గీత కిందే.

పది మంది అని రాశాను ఈ పుస్తకంలో. నా చేత్తోనే రాశాను, ఎవరూ చూడని చోట కూడా.

తోపుడు బళ్ళ దగ్గరికి సుడిగాలి వరసలో మాటలు వినిపిస్తాయి. ఇవాళ ఒక తల్లి అరుస్తోంది: "పాసమ్మే కొలిచి ఇచ్చింది, కాదనడానికి మీరెవరు?" తాత ఏమన్నాడో వినబడలేదు. ఆ పిల్లాడు ఏడ్చుకుంటూ నా ముందు నుంచే వెళ్ళాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను తల దించుకోలేదు, దించుకోవాలని ఉన్నా.

ఏప్రిల్ 6, ఆదివారం

తమ్ముడింటికి వెళ్ళాను. మా ఆయన కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. తమ్ముడు తలుపు తీసి పక్కకి జరిగాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. వాడు కోపంగా లేడు. ఆ రోజు చేతులు పట్టుకున్నది తనే అని వాడికీ గుర్తుంది, అందుకే నా కళ్ళలోకి చూడలేకపోతున్నాడు. నేను మాత్రం వాణ్ణి ఏమంటాను? అట్ట పట్టుకున్నది నా చెయ్యి.

పిట్ట కిటికీ దగ్గర బొమ్మలు పేర్చుకుంటోంది. బళ్ళో ఆ నీలం కార్డు అందరికీ చూపించిందట. ఇప్పుడు కార్డేదని అడుగుతున్నారట. రెండు వారాలుగా నా పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతోందని మరదలు చెప్పింది. దాని పక్కన నేల మీద కూర్చున్నాను. లేచి వెళ్ళలేదు. బొమ్మలు అయిపోయాక, నా వైపు తిరగకుండానే అడిగింది.

"నేను పొట్టిదాన్నా?"

"సుడిగాలికి అయిదు సెంటీమీటర్లు తక్కువ" అన్నాను.

"పోయినేడు?"

"ఇంకా తక్కువ."

"నువ్వు అట్ట పెట్టినప్పుడే తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుస్తావని."

అప్పుడు తిరిగి నా మొహంలోకి చూసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"అప్పుడైతే నీ ఒక్కదాని ముందే ఏడ్చేదాన్ని కదత్తా" అంది.